దిగేవాళ్ళ గుర్తులు

ఆగస్టు 19

నడక సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త అధ్యక్షుడు రాశాడు. ఈయనకి నేను ఇకిలింపు అని పేరు పెట్టుకున్నాను. సంతాప సభలో కూడా పళ్ళు లోపలికి పోవు. ఉత్తరం కూడా ఇకిలిస్తూనే ఉంది. నన్ను మూలస్తంభం అని, ఆ తర్వాత మార్గదర్శి అని, రెండో పేరాలో అసలు సంగతికి వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మూసి ఉన్న జలపాతం దారిని మళ్ళీ తెరుస్తున్నారట. కొండ మొదట్లో బోర్డు పెడతారట. దాని మీద దారి కనిపెట్టిన మనిషిగా అప్పటి మా సంఘం సెక్రటరీ పేరు రాస్తారట. అంతకుముందు, ఆయన్ని తప్పుపడుతూ అప్పట్లో చేసిన తీర్మానాన్ని సెప్టెంబరు 28న సర్వసభ్య సమావేశంలో రద్దు చేస్తారట. ఆనాటి వాళ్ళలో సెక్రటరీ కాక మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి నా అభిప్రాయం కావాలట.

అభిప్రాయం. ఆ తీర్మానం మీద మొదటి సంతకం నాది. ఆ దారిలో చనిపోయినవాడు నా తమ్ముడు. దిగేవాళ్ళకి గుర్తులు వెయ్యకుండా దారి తెరిచిన మనిషి సెక్రటరీ. ఇందులో అభిప్రాయానికి చోటెక్కడ?

జవాబు రేపు రాస్తాను.

ఆగస్టు 20

రాయలేదు. మోకాలు.

ఆగస్టు 22

జవాబుకి చిత్తుప్రతి ఇక్కడే రాసుకుంటున్నాను. ఇకిలింపుకి నలభై ఏళ్ళుంటాయి. మా పద్ధతి తెలిసి ఉండదు. ఇప్పటివాళ్ళకి దారి గుర్తుపెట్టడమంటే ఫోను మీద నొక్కడం.

మా పద్ధతి ఇది. కొత్త దారికి గుర్తులు వెయ్యడానికి ఇద్దరు వెళతారు. ఇద్దరికీ చెరొక పసుపు పెయింటు డబ్బా, చెరొక కుంచె. మొదటివాడు ఎక్కుతూ వేస్తాడు, ఎక్కేవాళ్ళకి కనబడేలా రాళ్ళ దిగువ మొహం మీద. రెండోవాడు పైకి చేరేదాకా డబ్బా మూత తియ్యకూడదు. జలపాతం దగ్గర తిండి తిన్నాక మొదటివాడు గంట ముందే ఒంటరిగా దిగిపోవాలి. ముందు నడిచే మనిషి కనబడుతుంటే వెనకవాడు దారి వెతకడు, మనిషిని పట్టుకుని వచ్చేస్తాడు. రెండోవాడు గంట ఆగి, కొత్తవాడిలా దారి వెతుక్కుంటూ దిగాలి. తను ఎక్కడ తడబడితే అక్కడ రాయి ఎగువ మొహం మీద పట్టీ వెయ్యాలి. ఎందుకంటే ఎక్కేటప్పటి దారి వేరు, దిగేటప్పటి దారి వేరు. ఒకడు వేసినదాన్ని ఇంకొకడు వెళ్ళి తనిఖీ చెయ్యడం మా సంఘంలో అవమానం కింద లెక్క. వేశావా అని అడగడం కూడా అవమానమే.

ఈ పద్ధతి పెట్టింది సెక్రటరీయే. అది ఒప్పుకుంటాను. నేను న్యాయం తప్పే మనిషిని కాను.

ఆ రోజు వెళ్ళింది ఆయనా నేనూ. ఎక్కేటప్పటివి నేను వేశాను. దిగేటప్పటివి ఆయన వెయ్యాలి. వెయ్యలేదు. మూడు వారాల తర్వాత నా తమ్ముడు ఒక్కడే వెళ్ళి, దిగుతూ పొగమంచులో దారి తప్పి లోయలో పడ్డాడు. విచారణలో నేను ఈ మాటే చెప్పాను. సెక్రటరీ దీన్ని అటుదిటు తిప్పి చెప్పాడు: ఎక్కేటప్పటివి తనవట, దిగేటప్పటివి నావట. కమిటీలో పదకొండుమంది విన్నారు. పదకొండుమందీ నా మాటే నమ్మారు.

బాగానే వచ్చింది. పంపొచ్చు.

ఆగస్టు 25

మరదలు వచ్చింది. తమ్ముడు పోయాక కోర్టులో టైపిస్టుగా చేరి, కూతుర్ని పళ్ళ డాక్టరుని చేసి, మూడేళ్ళ కిందట రిటైరైంది. నెలకోసారి వచ్చి, నా వంటింట్లో గిన్నెలు చూసి మొహం చిట్లించి, వాటిని మళ్ళీ తోమి, టీ పెట్టి, గంట కూర్చుని వెళుతుంది. నా భార్య పోయినప్పటినుంచీ ఇదే వరస.

ఉత్తరం బల్ల మీదే ఉంది. నేను దాచేలోపు చదివేసింది.

కోపం వస్తుందనుకున్నాను. సెక్రటరీ పేరు వింటేనే ఆమె మొహం గడియ వేసినట్టు అయిపోయేది. ఇవాళ బోర్డు సంగతి పట్టించుకోనే లేదు. దారి తెరిచి జనం ఎగబడేలోగా తను వెళ్ళి చూడాలంది. నేను తీసుకెళ్ళాలంది. నాకు డెబ్భై ఆరు, నీకు అరవై ఒకటి, అది అయిదు గంటల ఎక్కుడు, మధ్యలో మూడు వాగులు అన్నాను.

"మీకు ఓపిక లేకపోతే చెప్పండి బావగారూ. సంఘంవాళ్ళని అడుగుతాను. సెక్రటరీగారి అమ్మాయి కూడా వాళ్ళతో నడుస్తోందట, మంచిదేనట."

ఆ పిల్ల ఈవిణ్ణి రాయి రాయి దగ్గరా ఆపి, ఇది మా నాన్న వేసింది అని చెప్పుకుంటూ పోవడం నా కళ్ళ ముందు కనిపించింది. నేనే తీసుకెళతానన్నాను. అంతగా చూడాల్సింది అక్కడ ఏముందని అడిగాను.

"అదే చూద్దామని. ఆర్నెల్ల పిల్లనీ, నూటమూడు జ్వరంతో ఉన్న నన్నూ వదిలేసి వెళ్ళిన మనిషి, నీళ్ళు కిందకి పడటం చూడ్డానికి. నీళ్ళు పైకి పోతుంటే వింతగాని కిందకి పడటంలో ఏముంది? ఒకసారి చూసి, నాలుగు తిట్టి వచ్చేస్తాను."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెకి మొగుడి మీద కోపం తగ్గలేదు. తగ్గించాలని నేనూ చూడలేదు. వాడు తొందరపాటు మనిషి, ఆ మంచులో కూడా పరుగెత్తే ఉంటాడు అని మొదటి నెలలో నేనే అన్నట్టున్నాను.

అన్నాను.

ఆగస్టు 27

నిదానంగా ఆలోచిస్తే కంగారుపడాల్సింది ఏమీ లేదు. రాళ్ళు సాక్ష్యం చెప్పవు. పెయింటు ముప్పై ఏళ్ళు నిలవదు. దిగువ మొహమైనా, ఎగువ మొహమైనా వానకి ఒకటే.

సెప్టెంబరు 1

రోజూ నాలుగంతస్తుల మెట్లు మూడుసార్లు ఎక్కి దిగుతున్నాను. వాచ్‌మన్ లిఫ్టు పనిచేస్తోంది సార్ అని రోజూ చెబుతున్నాడు. నాకు మతి పోయిందనుకుంటున్నట్టున్నాడు. గుండె డాక్టరు కొండ మాట ఎత్తితేనే చేతులెత్తేశాడు. ఈయన తన బల్ల వెనక అద్దాల బీరువాలో పుస్తకాలు పెట్టుకున్నాడు, ఒక్కదాని అట్టకీ మడత పడలేదు. చదవని పుస్తకాలు పెట్టుకునే వైద్యుడి మాట నేను వినను.

సెప్టెంబరు 5

మంచు ఖండాలకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ డైరీలు మళ్ళీ తిరగేస్తున్నాను. ఒకప్పుడు వీటిని గౌరవంతో చదివాను. ఇప్పుడు చూస్తే ప్రతివాడూ చివరి పేజీల్లో వాతావరణాన్నే తిట్టాడు. కుక్కల్ని తిట్టాడు, నూనె డబ్బాల్ని తిట్టాడు. నేను తప్పు లెక్క వేశాను అని రాసినవాడు ఒక్కడూ కనబడలేదు. చస్తూ కూడా, పైగా ఎవరూ చూడని చోట కూర్చుని కూడా, పాఠకుడి కోసమే రాశారు. సిగ్గుచేటు.

ఉత్తరం ఇంకా పంపలేదు.

సెప్టెంబరు 8

ఈ మధ్య ఆ రోజు మళ్ళీ మళ్ళీ గుర్తుకొస్తోంది. జలపాతం దగ్గర సెక్రటరీ సంచిలోంచి ఒక కాయితం తీసి చూపించాడు. అచ్చు వెయ్యబోయే పటానికి నమూనా. ఆ పటం నేను గీసింది. సర్వే ఆఫీసులో రోజంతా ప్రభుత్వం వారి గీతలు గీసి, ఇంటికొచ్చి నాలుగు నెలలు సాయంత్రాలన్నీ కూర్చుని గీశాను. పైన పెద్ద అక్షరాలతో దారి కనిపెట్టినవారు అని తన పేరు. అడుగున, చీమలకి కూడా కళ్ళజోడు కావలసిన సైజులో, పటం అని నా పేరు. మూడో వాగు దాటే చోటు కనిపెట్టింది ఎవరు? నేను. ఆయన రెండో వాగు దగ్గరే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. అయినా నేనేమీ అనలేదు. కాయితం మడిచి ఇచ్చేశాను.

పైగా డబ్బాలో పెయింటు సగమే ఉంది. సగం డబ్బాతో ఎవరైనా ఎంత దూరం వేస్తారు?

సెప్టెంబరు 10

మొన్న డబ్బా సంగతి ఎందుకు రాశానో తెలియదు. దిగేటప్పటి డబ్బా నాది కానప్పుడు అందులో ఎంతుందో నాకెందుకు? ఆ వాక్యం కొట్టెయ్యాలి.

సెప్టెంబరు 12

వానలు వెనకబట్టాయి. మరదలు ఫోను చేసింది. కొత్త బూట్లు కొనుక్కుందట, ఇంట్లో వేసుకుని తిరిగి అలవాటు చేసుకుంటోందట. కూతురు నవ్వుతోందట. ఎల్లుండి వెళుతున్నాం.

సెప్టెంబరు 15

నిన్న వెళ్ళాం. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. అయినా రాయాలి.

మొదటి బస్సు దిగేసరికి ఏడు. గేటు దగ్గర కాపలా మనిషి మా ఇద్దర్నీ చూసి, సంఘం ఇచ్చిన కాయితం చూసి, మళ్ళీ మమ్మల్ని చూశాడు. సాయంత్రం అయిదింటికల్లా రాకపోతే మనుషుల్ని పంపుతానన్నాడు. నాలుగింటికే పంపు, మేము మోయించుకుని రావడానికే వెళుతున్నాం అంది మరదలు.

మొదటి గంట అడవి. చెట్ల వేళ్ళు మెట్లలాగా అల్లుకుని, తడిసి, జారుడుగా. ఆమె ముందు, నేను వెనక. ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చున్న మనిషని నేను అనుకున్నది తప్పు. నన్ను చూసుకుంటూ ఆగడానికే ఆమెకి ఎక్కువ ఓపిక పట్టింది. మొదటి వాగు మోకాలి లోతు. రెండోది తొడల దాకా, చల్లదనానికి ఎముకలు జివ్వుమన్నాయి. ఆమె నా కర్ర చివర పట్టుకుని దాటించింది. ఆ తర్వాత బండల ఎక్కుడు, రెండు గంటలు, చేతులూ కాళ్ళూ కలిపి. నా గుండె చప్పుడు చెవుల్లో వినబడింది. మధ్యలో రెండుసార్లు ఇక చాలు అందామనుకున్నాను. అంటే సంఘంవాళ్ళతో మళ్ళీ వస్తుంది.

పెయింటు నిలిచింది.

అన్నిచోట్లా కాదు. వాన కొట్టని చోట, చూరులాగా ముందుకి వంగిన బండల కింద, పసుపు పట్టీలు అలాగే ఉన్నాయి, పాత పంటి రంగులో. ఎక్కేవాళ్ళకి కనబడేటట్టు, దిగువ మొహాల మీద. మొదటిదాన్ని చూసి మరదలు వేలితో తడిమింది.

"ఇవి మీరు వేసినవేనా బావగారూ? మా ఇంటి ప్లాను గీసిచ్చినప్పుడు గీత పక్కన గీత వెంట్రుక దూరకుండా గీశారు. ఇవేమిటి, ఇలా వంకరపోయాయి?"

రాయి మీద ఎవరి చెయ్యైనా వంకరపోతుందన్నాను. ఆమె సరే అంది. తర్వాత ఒక్కొక్క పట్టీ కనబడ్డప్పుడల్లా, అదిగో మీ ఇంకో వంకర అని వేళాకోళం చేస్తూ ఎక్కింది. నేను నవ్వాను. పదకొండుసార్లు నవ్వాల్సి వచ్చింది.

మూడో వాగు దాటాక పెద్ద నిలువు బండ వెనకనుంచి ఇరుకుగా పైకి వస్తాం. అక్కణ్ణుంచి అరగంట. చప్పుడు ముందు చెవికి కాదు, పక్కటెముకలకి తెలుస్తుంది. తర్వాత గాలి తడుస్తుంది. తర్వాత మలుపు తిరుగుతాం.

నేను చాలా చదివినవాణ్ణి. జలపాతాల వర్ణనలు నాలుగు భాషల్లో చదివాను, అన్నీ అబద్ధాలే. అది ముత్యాలు కాదు, పాలు కాదు, ఆడమనిషి జుట్టు కాదు. కొండ నల్లగా నిలబడి ఉంది. దాని నెత్తి మీదనుంచి నీళ్ళు మొత్తం ఒకేసారి వదిలేసుకుని పడుతున్నాయి, మధ్యలో ఒకచోట బండకి తగిలి విడిపోయి, మళ్ళీ కలిసి. అడుగున మడుగు ఆకుపచ్చగా ఉడుకుతోంది. చుట్టూ ఉన్న ఆకులన్నీ ఒక్క క్షణం కూడా ఆగకుండా వణుకుతున్నాయి. అంతే. అంతకంటే ఎవరూ రాయలేరు.

మరదలు బూట్లు విప్పి మడుగు అంచున నిలబడింది. తుంపరకి కళ్ళజోడు తెల్లబడితే తీసి జేబులో పెట్టుకుంది. తిట్టడం మొదలుపెట్టలేదేం అని నేనే అడిగాను.

"ఏమని తిట్టను?" అంది. మొహమంతా నీళ్ళు. నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం నేను పెళ్ళిలో చూశాను, ఆ తర్వాత చూళ్ళేదు. "నేనైనా వచ్చేదాన్ని బావగారూ. జ్వరం ఆయనకి వచ్చి ఉంటే, నేనూ వచ్చేసేదాన్ని."

రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. ఇక్కడ నిలబడి తననీ పిల్లనీ ఒక్కసారైనా తలుచుకుని ఉంటాడా అని అడిగింది. తప్పకుండా అన్నాను. చచ్చిపోయినవాళ్ళ తరఫున మాట్లాడటం నాకు అలవాటే.

ఒంటిగంటకి మంచు దిగడం మొదలైంది. లేచాం.

చెయ్యి నొప్పెడుతోంది. మిగతాది రేపు.

సెప్టెంబరు 16

జ్వరం. ఆమె ఫోను చెయ్యలేదు.

సెప్టెంబరు 17

మిగతాది.

దిగేటప్పుడూ ఆమే ముందు. నా మోకాలు ప్రతి అడుక్కీ మొరాయిస్తోంది; ఇరవై అడుగులు వెనకబడ్డాను. మంచు నీళ్ళ పాలలాగా పల్చగా ఉంది, మనిషి కనబడుతుంది, మనిషి అవతల ఏముందో కనబడదు. ఆమె నీలం రెయిన్‌కోటు అలా పోతూ ఉంది.

నిలువు బండ వచ్చింది. ఎక్కేటప్పుడు దాని వెనకనుంచి వస్తాం కాబట్టి ఇంకో దారి ఉన్న సంగతే తెలియదు. అది మన వీపు వైపు ఉంటుంది. దిగేటప్పుడు అదొక్కటే కనబడుతుంది. గడ్డి మొలిచి, సమంగా, బండి పట్టేంత వెడల్పుగా, నేరుగా ముందుకి. అసలు దారి కుడిచేతి పక్క, బండకీ కొండకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితేగాని పట్టని సందు. గడ్డి దారి రెండు వందల అడుగులు వెళ్ళి, అక్కడ అయిపోతుంది. అవతల ఏమీ ఉండదు.

ఆమె గడ్డి మీదకి వెళ్ళింది. ఆగలేదు, చూసుకోలేదు. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళినట్టు వెళ్ళింది.

నేను వెంటనే పిలవలేదు.

ఇది రాయాలి. పిలిస్తే వెనక్కి వస్తుంది, ఈ చోటు చూస్తుంది, అడుగుతుంది. ఇంకా దూరం ఉందిలే అనుకున్నాను. ఆరడుగులు. పది. నీలం రంగు బూడిద రంగైంది. అప్పుడు అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆమె నిలబడిపోయింది. ముందుకి వంగి చూసింది. అంచు ఇంకా దూరంగానే ఉండి ఉంటుంది, కాని నీళ్ళ చప్పుడు కిందనుంచి వస్తోంది, అది తెలిసినట్టుంది. మెల్లగా వెనక్కి నడిచి వచ్చింది. నేను సందు చూపించాను. ఆమె సందులోకి వెళ్ళి చూసింది. బయటికొచ్చి గడ్డి దారి చూసింది. మళ్ళీ జలపాతం వైపు పది అడుగులు ఎక్కి, అక్కణ్ణుంచి కొత్తగా దిగివచ్చినట్టు దిగి వచ్చింది. బండ ముందు ఆగింది. దాని ఎగువ మొహం నిండా నాచు. అరచేత్తో గీకింది. ఏమీ లేదు.

"ఇక్కడేనా?"

ఇక్కడే అన్నాను.

"పరుగెత్తి ఉంటాడన్నారు మీరు. తొందరపాటు అన్నారు." గొంతు పెంచలేదు. "నేను పరుగెత్తలేదు. మామూలుగా నడిచాను. ఇటు కాక ఇంకెటు వస్తారు ఎవరైనా?"

నేను కర్రతో గడ్డి కదిపాను.

"ఎన్నేళ్ళు తిట్టుకున్నాను బావగారూ ఆయన్ని. పిల్లకి కూడా అదే చెప్పి పెంచాను. మీ నాన్నకి ఒక చోట నిలకడ లేదు, మన గురించి ఆలోచన లేదు అని." మళ్ళీ బండ వైపు చూసింది. "ఎక్కేటప్పుడు అన్నేసి వేశారు. ఇక్కడ ఒక్కటి లేదు. ఎవరు వెయ్యాలి ఇది?"

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. విచారణలో చెప్పాను, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను, ఈ పుస్తకంలోనే పాతిక పేజీల కింద రాశాను. పేరు కూడా అక్కర్లేదు, సెక్రటరీ అంటే చాలు.

"నేను" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. మోకాలి నొప్పి వల్ల అని రాద్దామనుకున్నాను.

అక్కడే నిలబడి చెప్పాను. పటం మీద పేర్ల గురించి, సెక్రటరీ పద్ధతి ప్రకారం గంట ముందు దిగిపోవడం గురించి. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నిండు డబ్బా. ఇంత అవమానం చేసినవాడి దారికి నేనెందుకు వెయ్యాలి అనుకున్నాను. తూర్పు వైపు కలప లారీల రోడ్డు ఉంటే దాని మీదుగా దిగిపోయాను. డబ్బా కాలవలో పడేశాను. వచ్చే ఆదివారం వచ్చి వేద్దాంలే, అప్పటిదాకా ఆయన్ని ఉడకనీ అనుకున్నాను. ఆ ఆదివారం వాన. తర్వాతి ఆదివారం కూడా. సెక్రటరీ నన్ను అడగలేదు. అడగడం అవమానం కదా. దారి తెరిచేశాడు.

ఆమె మొత్తం విన్నది. కోర్టులో సాక్షులు చెప్పేది వింటూ టైపు చేసేటప్పుడు ఎలా ఉండేదో నాకు తెలియదు, ఇలాగే ఉండేదేమో. పూర్తయ్యాక సందులోకి పక్కకి తిరిగి దిగడం మొదలుపెట్టింది. మిగతా దారంతా ఒక్క మాట లేదు. వాగుల దగ్గర మాత్రం అవతలి ఒడ్డున ఆగింది, నేను దాటేదాకా. చెయ్యి ఇవ్వలేదు.

బస్సు షెడ్డులో, నన్ను చూడకుండా, మీటింగు ఎప్పుడని అడిగింది. ఇరవై ఎనిమిదో తారీకు అన్నాను. నేనొస్తాను అంది.

సెప్టెంబరు 18

ఒక్కటి ఆమెకి చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను, ఇక్కడితో సరి.

ఆ శనివారం సాయంత్రం తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, రేపు జలపాతానికి వెళుతున్నాను అన్నయ్యా, దిగేటప్పటి గుర్తులు కూడా వేసేశారా అని అడిగాడు. వాడు సంఘం సభ్యుడు కాడు. అడగకూడదని వాడికి తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న అడిగింది వాడొక్కడే.

వేశాం, వెళ్ళు అన్నాను.

సెప్టెంబరు 21

సమావేశంలో చదవడానికి రాస్తున్నాను. నాలుగు పేజీలైంది. ఆనాటి సంఘంలో ఉన్న వాతావరణం చెప్పకుండా ఇది ఎవరికీ అర్థం కాదు.

సెప్టెంబరు 23

రెండు పేజీలకి తగ్గించాను. మంచి వచనం. కిందటి ఉత్తరం చించేశాను.

సెప్టెంబరు 24

మరదలు రాలేదు. నెల దాటలేదు కదా ఇంకా. దాటుతుంది రేపటితో.

సెప్టెంబరు 26

చనిపోయినవాడి అన్నని ఎవరు అనుమానిస్తారు? ఆ పదకొండుమందీ నన్ను నమ్మింది నా మాట బాగుండి కాదు. నా మొహం చూసి. ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉంది. ఆ ఏడుపు నిజమే. దాన్ని తీసుకెళ్ళి సాక్ష్యంగా పెట్టాను.

ఇది ఆ రెండు పేజీల్లో లేదు.

సెప్టెంబరు 28

ఇప్పుడే వచ్చాను.

గ్రంథాలయం మేడ మీది హాలు. అరవై డెబ్భై మంది, ఎక్కువమంది ఈ కాలం బూట్లవాళ్ళు. మరదలు కూతుర్ని తీసుకొచ్చింది. ఇద్దరూ రెండో వరసలో. పిల్ల నమస్కారం పెట్టింది, తల్లి పెట్టలేదు. అంటే పిల్లకి ఇంకా చెప్పలేదు. నా నోటితోనే వినాలని తీసుకొచ్చింది.

సెక్రటరీ చివరి వరసలో, గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎనభై రెండేళ్ళు. పోస్టాఫీసులో పనిచేసే రోజుల్లో ఛాతీ విరుచుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు చొక్కాలో ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. పక్కన కూతురు. ముప్పై ఒక్క ఏళ్ళలో వీధిలో ఎదురుపడితే నేనే అవతలి పక్కకి దాటేవాణ్ణి, అసహ్యంతో అనుకునేవాణ్ణి.

ఇకిలింపు నన్ను పిలిచాడు. మైకు దగ్గర నిలబడి రెండు పేజీలూ చదివాను. బాగా చదివాను. ఆనాటి ఉత్సాహాలు, ఆనాటి అహంకారాలు, పటం మీద పేర్ల పేచీ, ఆ వయసు ఆవేశం, ఒక కర్తవ్యం నెరవేరకుండా ఉండిపోవడం, దాని దుష్ఫలితం మరొకరి మీద పడటం, కాలం. వాక్యాలు ఒకదాని వెనక ఒకటి చక్కగా వచ్చాయి. హాల్లో కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెప్పింది ఒప్పుకోలో సంస్మరణో వాళ్ళకి తేలినట్టు లేదు. ఇకిలింపు చప్పట్లకి చేతులు ఎత్తాడు కూడా.

వెనకనుంచి సెక్రటరీ గొంతు వినిపించింది. పెద్దగానే, చెవులు పోయినవాళ్ళు మాట్లాడేటట్టు.

"ఏమంటున్నాడమ్మా?"

కూతురు ఆయన చెవి దగ్గరకి వంగింది. ఏదో చెప్పబోయి ఆగింది. నా వైపు చూసింది. ఆమెకీ తెలియలేదు ఏమని చెప్పాలో. తర్వాత, మర్యాదగానే, నాన్నగారికి వినబడలేదండి, కొంచెం గట్టిగా మళ్ళీ చెబుతారా అంది.

కాయితాలు చేతిలోనే ఉన్నాయి. వాటిలో గట్టిగా అరిచి చెప్పడానికి పనికొచ్చే వాక్యం ఒక్కటి లేదు. వెతికాను. ఒక్కటి లేదు. మైకు పక్కకి జరిపి అరిచాను.

"దిగేటప్పటి గుర్తులు వెయ్యాల్సింది నేను. వెయ్యలేదు. మీరు వెయ్యలేదని అబద్ధం చెప్పాను."

అంతటితో ఆపాల్సింది. నోరు ఆగలేదు. అరవడం మొదలుపెడితే నోటికి చదువు ఉండదు.

"వేశారా అని నా తమ్ముడు ఇంటికొచ్చి అడిగాడు. వేశాం వెళ్ళమన్నాను."

హాలు మొత్తం విన్నది. నేను రెండో వరస చూడలేదు. చూడకపోయినా తెలిసింది; కుర్చీ చప్పుడు, పిల్ల అమ్మా అనడం.

సెక్రటరీ లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది, కూతురు పట్టుకోబోతే వద్దన్నాడు. నా వైపు చూడలేదు. హాలు దాటి రెండో వరస దాకా చూపు పంపించి, మరదల్ని అడిగాడు.

"నువ్వు విన్నావా అమ్మా?"

"విన్నానండి" అంది.

"అయితే చాలు నాకు. బోర్డూ గీర్డూ వద్దు" అని, కూతురి భుజం పట్టుకుని మెట్ల వైపు నడిచాడు. మరదలు లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, ఆయన వెనకే వెళ్ళింది. మెట్ల మలుపు దగ్గర ఆయన తడబడితే రెండో చెయ్యి ఆమె పట్టుకుంది. నలుగురూ ఒక్కొక్క మెట్టే దిగిపోవడం వినబడింది.

ఇకిలింపు పళ్ళు మొదటిసారి లోపలికి పోయాయి. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. ఆ మెట్ల మీదుగానే నేనూ వెళ్ళాలి కాబట్టి, వాళ్ళు కిందకి చేరేదాకా అక్కడే నిలబడ్డాను.